సూది ఎరుపు తాకేలోపు

పదకొండు కాగానే తాళం తిప్పింది మొక్కలావిడే. నన్ను తిప్పనివ్వలేదు. "నువ్వు బాగుచేశావు, నేను నడుపుతాను. ఎవరి పని వాళ్లదమ్మా" అంది. లారీ ఒకసారి దగ్గింది, రెండోసారి ఒళ్లు విరుచుకుంది, మూడోసారి అందుకుంది. ఇక గంట. బానెట్ మూసే ఉండాలి, బండి కదలకూడదు, ఎవరూ వేలు పెట్టకూడదు, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి, పన్నెండయ్యేదాకా వేడి చూపించే సూది ఎర్రగీతను తాకకూడదు. తాకకపోతే ఈ బండి రేపట్నుంచి మళ్లీ మొక్కలు వేసుకుని కొండెక్కుతుంది. తాకితే పన్నెండింటికి హోటలాయన వచ్చి లాక్కుపోతాడు, ఇంజిన్ పీకించి తన గేటు ముందు పూలకుండీలా నిలబెడతాడు. ఆవిడ మాట ఇచ్చేసింది. ఇచ్చిన మాట ఆవిడ ఎవరి దగ్గరా తిరిగి తీసుకున్నట్టు నేను వినలేదు. గంటే ఎందుకంటే కొండదారి గంట. "గంట నిలబడలేని బండిని ఉంచుకుని ఏం చేస్తాను, కూర్చోడానికి అదేమన్నా కుర్చీనా" అని చెప్పేసి, గ్యారేజీ గోడవారగా ఉన్న నీడలో నారు పెట్టెల మధ్య కూర్చుంది. నాకేం భయం లేదు. గంట కాదు, రెండు గంటలు నిలబడుతుంది. బాగుచేసింది నేను.

డ్రైవరు వైపు తలుపు బార్లా తీసి, నేల మీదే నిలబడి సూదిని చూస్తున్నాను. అద్దం కింద అది ఇంకా అడుగునే పడుకుని ఉంది, నిద్ర లేవని మనిషిలా. క్యాబిన్‌లో తడిమట్టి వాసన, డీజిల్ వాసన, ఆవిడ తలనూనె వాసన, మూడూ కలిసి ఒకటే వాసన అయిపోయి చాలా ఏళ్లయింది. స్టీరింగ్ మీద రెండు చోట్ల నలుపు అరిగి తెల్లబడింది, ఆవిడ అరచేతులు ఆనే రెండు చోట్ల. ఈ బండి నాకంటే పెద్దది, ఈ గ్యారేజీ నడిపే బావకంటే కూడా పెద్దది. దీని ముందు ఇద్దరం పిల్లలమే, అయినా బావ మాత్రం దీనికి తండ్రిలా మాట్లాడతాడు. "ఇంజిన్ మీది హెడ్ రెండుసార్లు చెక్కాం, ఇంక చెక్కడానికి ఇనుము లేదు. మూడోసారి మరిగిందా, పగులుతుంది. ఇంకో హెడ్ ఈ భూమ్మీద లేదు." నిజమే చెప్పాడు. బావ ఇంజిన్ గురించి అబద్ధం చెప్పడు. అక్క గురించి, తన సిగరెట్ల గురించి చెబుతాడు గానీ ఇంజిన్ గురించి చెప్పడు.

మూడో మలుపులో పాత ఫ్యాన్ రెక్క విరిగి ఎగిరి రేడియేటర్‌ను కోసేసిన రోజు ఆవిడ ఫోన్ చేసి బావను అడగలేదు. "ఆ కరెంటమ్మాయి ఉందా?" అని అడిగింది. బావ ఫోన్ నాకిచ్చినప్పుడు మొహం చూడాలి, తన కంచంలో ముద్ద ఎవరో తీసినట్టుంది. పదహారేళ్లు ఈ గ్యారేజీలో ఒక మూల నా బల్ల. వచ్చిన ప్రతి బండీ బావను వెతుక్కుంటూ వచ్చి, నా దగ్గరికి తోయబడింది. ఇది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పాత రెక్క ఎక్కడా దొరకలేదు, చేయిస్తే బరువు సమానంగా రాక బండి వణికింది. అప్పుడన్నాను, ఇంజిన్ తిప్పే ఫ్యాన్ వద్దు, కరెంటుతో తిరిగేది పెడదాం, నీళ్లు కాగితే తనే తిరుగుతుంది, చల్లబడితే తనే ఆగుతుంది. బావ చేతిలో ఉన్న గుడ్డ విసిరేశాడు. "ఇంజిన్ తిరిగితే ఫ్యాన్ తిరగాలి, అంతే. తీగ తెగితే? ఫ్యూజు పోతే? కొండ మధ్యలో ఆవిడేం చేస్తుంది, విసనకర్ర పట్టుకుని విసురుతుందా?" "రెక్క విరిగినప్పుడు ఏం చేసింది బావా?" అన్నాను. అక్క వంటింట్లోంచి, "మీ ఇద్దరికీ బండి ఉంటే చాలు, ఇంట్లో రేడియో అక్కర్లేదు" అంది.

పదకొండూ పది. సూది లేచింది. ఆకుపచ్చలోకి వచ్చింది. మంచిది, రావాలి. నాకు ఈ సూదులంటే ఇష్టం, మనిషి మొహంలా దాచుకోవు. నాన్న నన్ను డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోబెట్టి, టార్చి పళ్లతో పట్టుకోమని, తీగలు చేతికిచ్చేవాడు. కళ్లు మూసుకోమనేవాడు. "ఎర్రది ప్రాణం, నల్లది బాడీ. చూసి కాదు, తడిమి చెప్పు." పన్నెండేళ్లకే నాకు కళ్లతో పని లేకుండా పోయింది. చెయ్యి వెళ్లిపోయేది, నల్లది బాడీకి, ఎర్రది ప్రాణానికి, నేను ఇంకేదో ఆలోచిస్తుంటే కూడా, బడిలో లెక్కల గురించో, మధ్యాహ్నం బువ్వ గురించో. నాన్న చేతులు నావి అని చూసినవాళ్లంతా అనేవాళ్లు. చిన్న కారు ఫ్యాన్ తెచ్చాను, పెద్దది తెస్తే అంత కరెంటు ఈ ముసలి డైనమో ఇవ్వలేదు. ఎన్ని ఆంపియర్లు లాగుతుంది, నెమ్మదిగా తిరిగితే డైనమో ఎన్ని ఇస్తుంది, మిగతాది బ్యాటరీ ఎంతసేపు మోస్తుంది, అంతా గోడ మీద సుద్దతో వేశాను. బావ ఆ లెక్క ముందు నిలబడి చాలాసేపు చూసి, "అంకెలు బాగున్నాయి, బండి వీటిని చదువుకుందా?" అన్నాడు. ఇనుప పట్టీ కోసి, నాలుగు మూలలా రబ్బరు వేసి, రేడియేటర్ వెనక ఫ్యాన్ కూర్చోబెట్టాను. ముందునుంచి గాలి లాక్కుని ఇంజిన్ వైపు వదలాలి. ఫ్యాన్‌కు కరెంటు కలిపే రిలే, ఫ్యూజు, నీళ్లు కాగగానే ఫ్యాన్‌ను వేసే స్విచ్చి, ఒక్కో తీగకూ గొట్టం తొడిగాను. ఇంత నీటుగా నాన్న కూడా చేసి ఉండడు. అన్నాననుకోకు నాన్నా, నిజం.

ఈ బండిలో ఇంకో తిరకాసు ఉంది, అది తెలిసినవాళ్లు ఇప్పుడు ఎంతమందో లేరు. ఇప్పటి బండ్లకు బ్యాటరీ మైనస్ బాడీకి కలుపుతారు. ఇది పుట్టిన రోజుల్లో కొన్నిటికి ప్లస్ కలిపేవారు. దీని ఒళ్లంతా ప్లస్. రెండేళ్ల కిందట బావ పక్కబండి బ్యాటరీతో దీన్ని లేపబోయి రెండు తీగలూ కాల్చాడు, మీసం కూడా కొంచెం కాలింది. ఆ తర్వాత నేనే బానెట్ కింద పసుపు రంగుతో అరచేయంత ప్లస్ గుర్తు వేశాను, ఎవరూ పొరపడకుండా. "ఆస్పత్రి అనుకుని రోగులొస్తారేమోనమ్మా" అన్నాడు బావ. "నువ్వు రాకుండా ఉంటే చాలు బావా" అన్నాను.

పదకొండూ ఇరవై నాలుగు. టిక్. ఆ టిక్ కోసమే వెళ్లి బండి ముందు నిలబడ్డాను. ముందు రిలే చప్పుడు, వెంటనే ఫ్యాన్ మూలిగింది, గొంతు పెంచింది, ఒక స్థాయిలో నిలబడిపోయింది. అబ్బ. ఎంత చక్కటి చప్పుడు. సమానంగా, వణుకు లేకుండా, కమ్మీల సందుల్లోంచి గాలి నా మొహానికి కొట్టింది, వేడిగా, జుట్టు వెనక్కి ఎగిరేలా. బావ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పొయ్యి ముందు నిలబడ్డట్టుందే." "ఉండదా మరి? లోపలి వేడి బయటికి పోతోందంటే ఇదే కదా" అన్నాను. మొక్కలావిడ దూరం నుంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. నేను కూడా ఎత్తాను. వెనక్కొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. సూది ఆగింది. ఆగాక దిగాలి. దిగుతుంది, దానికి టైమివ్వాలి, ఇన్ని లీటర్ల నీళ్లు, ఇంత ఇనుము, ఫ్యాన్ వేయగానే చల్లబడటానికి గ్లాసులో టీ కాదు. ఇది గెలిచాక మొదట ఏం చేస్తానో తెలుసు. గోడ మీద నా సుద్ద లెక్క చెరపకుండా దాని చుట్టూ గీత గీస్తాను, అటువైపు బావ చెయ్యి తుడుచుకోకుండా. అక్కను పిలిచి చూపిస్తాను. అక్కకు అంకెలు తెలియవు గానీ బావ మొహం చదవడం తెలుసు.

ముప్ఫై ఒకటి. దిగలేదు.

ముప్ఫై ఆరు. లేచింది. కొంచెమే, వెంట్రుక వాసి, నా తల వంగిందేమో, పక్కనుంచి చూస్తే అలాగే కనబడుతుంది. తల నిటారుగా పెట్టి చూశాను. లేచింది. సరే. ఒక్కొక్కటే చూద్దాం, కంగారెందుకు. ఫ్యాన్ తిరుగుతోందా? తిరుగుతోంది, వింటున్నాను. తక్కువ వేగమా? ఆంపియర్ మీటరు సరిగ్గా నా సుద్ద లెక్క ఎంత చెప్పిందో అంతే చూపిస్తోంది. నీళ్లు నిండుగా పోశాను, గాలి బుడగ తీశాను. రేడియేటర్ కొత్తగా అతికిందే, లోపల కడిగిందే. బెల్టు? బెల్టు బావ చూశాడు, బావ బిగించిన బెల్టు జారదు. ఎండా? ఎండ నిన్న కూడా ఇంతే ఉంది. మరి వేడి బయటికి ఎందుకు పోవడం లేదు? ఎదురుగా అంత వేడి గాలి వస్తుంటే, మొహం మాడిపోయేంత, కళ్లు మూసుకోవాల్సినంత...

"అమ్మా, నమస్కారం. కాస్త ముందొచ్చేశాను, పర్లేదు కదా?" హోటలాయన. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో కొలత టేపు, కొలతలు రాసుకునే కాగితం. మంచివాడే, అదే బాధ. ఈ బండిని చూస్తే ఆయనకు నిజంగా ముచ్చట. వెనకనుంచి ముందుదాకా టేపు పరిచి నడుస్తూ, తప్పుకోమని నాకు సైగ చేసి, మర్యాదగా, "ఇంజిన్ తీసేస్తే లోపల మట్టి ఎంత పడుతుందంటారు? పొడుగ్గా పెరిగే మొక్కలకు వేళ్లు లోతుకు దిగాలి కదా" అని నన్నే అడిగాడు. నన్నే. జవాబు బావ ఇచ్చాడు, "బంగారం లాంటి ఇంజినండీ, మట్టి అంటున్నారు" అని. బావ ఓడిపోతే సంతోషించాల్సింది నేను, నేను ఓడిపోతే సంతోషించాల్సింది బావ. కానీ బావ కూడా సూది వైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. అక్కకు కాన్పయ్యేదాకా ఆస్పత్రి వరండాలో అలాగే చూశాడు.

హోటలాయన చేతిలోని కాగితం గాలికి ఎగిరింది. బండి ముందు వంగి కొలుస్తున్నాడు, కమ్మీల ముందు. కాగితం ఆయన చేతిలోంచి ఎగిరి బండి నుంచి దూరంగా, వీధి వైపు పోయింది. ఆయన నవ్వుతూ పరుగెత్తాడు. దూరంగా. బండి వైపు కాదు. ఇది గాలిని లోపలికి లాక్కోవలసిన ఫ్యాన్. ముందు నిలబడితే నా జుట్టు బండి వైపు ఎగరాలి, నా మొహానికి ఏ గాలీ తగలకూడదు. వేడి గాలి ఇంజిన్ వైపుకు పోవాలి. మరి నేను దాని ముందు నిలబడి జుట్టు వెనక్కి ఎగురుతుంటే, బొటనవేలెత్తి... ఫ్యాన్ తిరగేసి తిరుగుతోంది. ఇంజిన్ చుట్టూ మరిగిన గాలినే మళ్లీ రేడియేటర్‌లోంచి నెట్టుకొస్తోంది. ఎందుకు తిరగేసి? తీగలు తారుమారైతేనే ఈ మోటారు అలా తిరుగుతుంది. ఎర్రది బాడీకి బిగించాలి, ఈ బండి ఒళ్లంతా ప్లస్ కాబట్టి. బిగించానా? నిన్న సాయంత్రం. స్పానర్ నా చేతిలో ఉంది, బావ అటువైపు నుంచి ఇనుప పట్టీ పట్టుకున్నాడు, కథ చెబుతున్నాడు, మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు తన మోటార్ సైకిల్ దీపం వెలగకపోతే పదకొండేళ్ల నేను సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి వెలిగించిన కథ. "అప్పుడే అనుకున్నా, ఈ ఇంట్లో పిల్లను చేసుకుంటే జన్మంతా రిపేరు ఉచితం అని." నేను పడీపడీ నవ్వాను. నవ్వుతూనే బిగించాను. చెయ్యి వెళ్లిపోయింది. నల్లది బాడీకి. నాన్న చెయ్యి. నేను రాసిన పసుపు ప్లస్‌కు రెండు వేళ్ల దూరంలో.

నలభై ఆరు.

ఇంకా పద్నాలుగు నిమిషాలు. సూదికీ ఎర్రగీతకూ మధ్య గోరు వెడల్పులో సగం. పది నిమిషాల్లో ఎంత లేచిందో చూశాను, సుద్ద అక్కర్లేదు, ఈ వేగంతో వెళ్తే పన్నెండుకు అటో ఇటో ఒక నిమిషం. తాకొచ్చు, తాకకపోవచ్చు. తాకకపోతే గెలిచినట్టే. నోరు మూసుకుంటే చాలు, ఆవిడ తాళం తిప్పేస్తుంది, హోటలాయన టేపు చుట్టేసుకుంటాడు, బావ చెయ్యి ఇస్తాడు, అందరూ టీకి వెళ్తారు, నేను 'ఒకసారి బిగింపులు చూసి వస్తా' అని బానెట్ ఎత్తి రెండు తీగలు మారుస్తాను, ఒక్క నిమిషం పని, ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు, రేపు బండి కొండెక్కుతుంది, చల్లగా. దోషమేముంది? బండి మంచిదే, ఫ్యాన్ మంచిదే, లెక్క మంచిదే, తప్పల్లా రెండు తీగలు. ఆ రెండు తీగల కోసం ఈ బండి పూలకుండీ కావాలా? నోరు మూసుకో. రెండు నిమిషాలు పోనే పోయాయి, ఇంక పన్నెండు. మూసుకోవడం ఎంతసేపు. కానీ ఈ పన్నెండు నిమిషాలూ మరుగుతున్నది నా నోరు కాదు. రెండుసార్లు చెక్కిన హెడ్. కాగితమంత పల్చన. లోపల ఎక్కడో ఒక వెంట్రుక పగులు మొదలైతే సూదికి తెలియదు, ఆవిడకు తెలియదు, తెలిసేది మూడో మలుపులో, లోడుతో, ఒంటరిగా. నేను బాగుచేశాను, ఆవిడ నడుపుతుంది. ఎవరి పని వాళ్లది.

"బావా" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది, నాకే ఆశ్చర్యమేసింది. "నల్ల తీగ బాడీకి బిగించాను."

బావకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. కళ్లు పెద్దవయ్యాయి. "ప్లస్ బండికా? నువ్వా?" "నేనే." "ఆపు! ఇంజిన్ ఆపు ముందు!" అని తలుపు వైపు దూకాడు. "ఆపొద్దు బావా! ఆపితే నీళ్లు తిరగవు, హెడ్ ఇంకా కాగుతుంది. తిరగనీ." ఇంజిన్ సంగతి నేను బావకు చెప్పడం అదే మొదలు. ఆగిపోయాడు. తల ఊపాడు. అప్పటికే నేను బానెట్ ఎత్తేశాను. మొహానికి ఆవిరి కొట్టింది. ఫ్యూజు లాగాను, ఫ్యాన్ చచ్చింది, స్పానర్ కోసం చెయ్యి చాస్తే స్పానర్ చేతిలో ఉంది, బావ పెట్టాడు, పది నంబరుది, నేను అడగకుండానే. బోల్టు కాలుతోంది. కాలనీ. నల్లది విప్పాను. ఈసారి చేతిని నమ్మలేదు, కళ్లు పెట్టాను. ఎర్రది బాడీకి. గట్టిగా పైకి కూడా అన్నాను, "ఎర్రది బాడీకి", ఎవరు విన్నా సరే. నల్లది రిలే నుంచి వచ్చే తీగకు. ఫ్యూజు పెట్టాను. మూలుగు. బానెట్ ధభీమని దించాను. హోటలాయన వీధిలోంచి కాగితంతో తిరిగొచ్చి నోరు తెరిచి నిలబడి ఉన్నాడు, ఆ కాగితం ఆయన చేతిలోంచి అందుకుని కమ్మీలకు చూపించాను. చప్పున అతుక్కుంది. వదిలేసినా పడలేదు. బావ దాన్ని చూసి నవ్వాడు, నాకు ఎన్నాళ్లుగానో తెలిసిన పళ్లన్నీ కనబడేలా.

నీడలోంచి మొక్కలావిడ లేచి వచ్చింది. చీరకంటిన మట్టి దులుపుకోలేదు. "వేలు పెట్టకూడదన్నాను." "పెట్టానండీ." "బానెట్ మూసే ఉండాలన్నాను." "ఎత్తానండీ. తీగలు తిరగేసి కలిపాను. తప్పు నాది." ఆవిడ క్యాబిన్‌లోకి తొంగి సూదిని చూసింది. నేను చూడలేదు. చూడక్కర్లేదు. ఇప్పుడు చప్పుడులోనే తెలుస్తోంది, ఇంజిన్ గొంతు సడలింది, దాహం తీరినవాడి గొంతులా. ఆవిడ చాలాసేపు చూసింది. సూది దిగుతుంటే చూడ్డం ఆవిడకు కొత్త, ఇన్నేళ్లూ ఎక్కుతుంటేనే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నోరు మెదపకపోతే నాకు తెలిసేదా?" "ఇక్కడ తెలిసేది కాదండీ." "మరెక్కడ?" "కొండ మీద తెలిసేదేమో." ఆవిడ కళ్లు ఒక్కసారి చిన్నవయ్యాయి. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. నా వేళ్లు పట్టుకుని కాలిన చోట చూసింది, అరటికాయ కొనేవాళ్లు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, వదిలేసింది.

"ఏమండీ" అంది హోటలాయనతో. "నేను గంట నిలబడితేనే అన్నాను. నిలబడలేదు. మాట ప్రకారం బండి మీదే." బావ ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "కానీ ఒకటి అడుగుతాను, కాదనకండి. మీకు గేటు ముందు పూలు కావాలి. ఈ బండిలో మట్టి పోస్తే ఒకే పూలు ఉంటాయి. ఈ బండి తిరుగుతుంటే వారం వారం కొత్త పూలు మీ గేటు దగ్గరికి వస్తాయి. వచ్చి, మీవాళ్లు దించుకునేదాకా గేటు ముందే నిలబడుతుంది. మీ వాళ్లు ఎంత నెమ్మదిగా దించుకున్నా నేను తొందరపెట్టను. ఇప్పుడు చెప్పండి. మీరు తీసుకుపోతానంటే తాళం ఇదిగో." నిజంగానే తాళం కోసం క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టింది.

హోటలాయన బండిని చూశాడు. టేపు చూసుకుని, మెల్లగా చుట్టేసుకున్నాడు. బండి ఇంకా తిరుగుతూనే ఉంది, సన్నగా అదురుతోంది, ఆ అదురుకు గోడవార పెట్టెల్లోని నారు ఆకులన్నీ ఒకేలా కదులుతున్నాయి. బండిలో మట్టి పోద్దామనుకున్న మనిషికి అది చూస్తే ఏమనిపిస్తుందో నాకు తెలియదు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు టిక్ అంది. ఫ్యాన్ గొంతు దిగింది, దిగి దిగి ఆగిపోయింది. అంత చప్పుడు పోయేసరికి గ్యారేజీ అంతా ఖాళీ అయినట్టుంది.

"అయ్యో, ఆగిపోయిందే" అన్నాడు హోటలాయన. "పాడైందా?"

చెబుదామని నోరు తెరిచాను. బావ నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చాడు. "పాడేంటండీ! నీళ్లు చల్లబడ్డాయి, ఆగింది. మళ్లీ కాగితే తనే తిరుగుతుంది, చల్లబడితే తనే ఆగుతుంది. మీరు గానీ నేను గానీ చెప్పక్కర్లేదు. ఇంజిన్ తిరిగినంతసేపూ తిరగడానికి అదేమన్నా పాతకాలం ఫ్యాననుకున్నారా?" అని, సుద్దతో అంకెలున్న గోడ వైపు ఆయన భుజం పట్టుకుని నడిపించుకుపోయాడు. "రండి, లెక్క చూపిస్తాను. మా మరదలు వేసింది."